వాటాల బాబాయి

వాటాల బాబాయికి ఉన్న బాధ ఒక్కటే: ఆయనకి ఏ బాధా లేదు. సబ్బుల ఫ్యాక్టరీలో అందుకున్న మొదటి జీతం నుంచి రిటైరయ్యేదాకా నెలనెలా ఆరోగ్య బీమా కింద కోత పడింది. ఇంత కోయించుకున్న మనిషికి ఒక్క సెగ్గడ్డయినా లేవలేదు. గుండ్రాయిలా ఉన్నాడు. తనతో పాటు చేరినవాళ్ళలో ఒకడు కాలికి రాడ్డు వేయించుకున్నాడు, ఇంకొకడు రెండు కళ్ళకీ ఆపరేషను చేయించుకున్నాడు. "అందరూ కడుపునిండా తిని చేతులు కడుక్కున్నారు. నా కంచంలోనే ఏమీ పడలేదు" అని ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. అందుకని రిటైరైన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే సర్కారు ఆసుపత్రికి బయల్దేరేవాడు, తన వాటా వసూలు చేసుకోవడానికి.

ఈ వసూళ్ళ బెడద అందరికన్నా ఎక్కువ భరించింది బీపీ గదిలో కూర్చునే నర్సు.

"ఏం బాబాయ్, ఇవాళ ఏమిటి?"

"ఏమీ లేదమ్మా, అదే కదా బాధ. కాస్త చూడు, ఏమన్నా దొరుకుతుందేమో."

నర్సు చేతికి పట్టీ చుట్టి చూసేది. "పెళ్ళికొడుకు బీపీ. లేవండిక."

"సరిగ్గా చూశావా? ఆ రెండో చెయ్యి కూడా చూడు."

"రెండు చేతులకీ గుండె ఒకటే బాబాయ్."

"నేను మాత్రం రెండు చేతులా కష్టపడి కట్టానమ్మా!"

రెండో చెయ్యి చూడక తప్పేది కాదు. తర్వాత బరువు చూసుకుని, రెండు గ్లాసుల చల్లటి నీళ్ళు తాగి, ఫ్యాను కింద చొక్కా గుండీలు విప్పుకుని కూర్చునేవాడు. ఎవరైనా మెట్లమీద ఉమ్మితే మాత్రం ఇంటి గోడ మీద ఉమ్మినట్టు ఎగిరిపడేవాడు. "ఒరేయ్! ఆ మెట్లలో నా జీతం ఉందిరా!"

అందులో అబద్ధం లేదు. ఆయన మొదటి కోత కట్టినప్పుడు అక్కడున్నవి రేకుల కప్పు వేసిన రెండు గదులు. ఒకే డాక్టరు. పన్ను పీకినా, పురుడు పోసినా ఆయనే. ఒకే ఎర్రమందు సీసా. దగ్గుకి మూడు చెంచాలు, కడుపునొప్పికి రెండు, దిగులుకి ఒకటి. ఆ రెండు గదులూ ఆయన కళ్ళముందే ఏడాదికో మెట్టు ఎక్కుతూ ల్యాబు అయ్యాయి, రక్తనిధి అయ్యాయి, చివరికి గుండె కోసి కుట్టే విభాగం కూడా అయ్యాయి. కొత్తది ఏదొచ్చినా మొదటి తనిఖీ బాబాయిదే. స్కానింగ్ మెషీను వచ్చిన రోజు దాన్ని చేత్తో నిమిరి, "ఇందులో నాదెంత ఉంటుంది డాక్టరుగారూ?" అని అడిగాడు.

గుండె డాక్టరు తప్పించుకోలేక, "ఆ కింద నాలుగు బోల్టులు మీవనుకోండి" అన్నాడు.

అంతే, వారానికోసారి మెషీను గది గుమ్మంలో తల పెట్టి, "నా బోల్టులు జాగ్రత్త!" అని కేకేసి వెళ్ళడం మొదలుపెట్టాడు. లోపల పడుకున్న రోగి హడలిపోయేవాడు.

ఇన్ని జబ్బులకి మందు కనిపెట్టారు గానీ బాబాయిని వదిలించుకునే మందు ఒక్కడూ కనిపెట్టలేదని నర్సు విసుక్కునేది. నీళ్ళు తాగాక కూడా ఆయన ఇంటికి పోడు. వరండాలో బల్లలమీద కూర్చున్నవాళ్ళ పక్కన చేరి గుసగుసలాడుతూ ఉండేవాడు. పాపం, వాళ్ళకి కూడా తన వాటా గోడు వినిపిస్తున్నాడని ఆమె జాలిపడేది.

ఇలా ఉండగా నర్సు పెద్దమ్మకి జబ్బు చేసింది. తల్లి పోయిన పిల్లని చేరదీసి, బట్టలు కుట్టి కుట్టి నర్సు చదువు చదివించింది ఆ పెద్దమ్మే. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. గుండె డాక్టరు చూసి, "ఈ వాల్వు పాడైపోయిందమ్మా, వెంటనే మార్చాలి. ఆలస్యం చేస్తే తర్వాత నేను చెయ్యగలిగేదేమీ ఉండదు" అన్నాడు.

"ఎంతవుతుంది?"

"మీరేమీ ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు బీమా అందరికీ ఉంది."

"ఊరికేనా? అయితే వద్దు" అంది పెద్దమ్మ.

ఆవిడ తత్వమే అంత. పక్కింట్లో గ్లాసుడు పంచదార అప్పు తెస్తే గోపురంలా పొంగేట్టు పోసి తిరిగిచ్చేది. బస్సులో ఎవరైనా లేచి చోటిస్తే, వాళ్ళు దిగేదాకా వాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని మోసేది. అలాంటి మనిషికి గుండె ఊరికే బాగుచేస్తామంటే ఒప్పుకుంటుందా?

"ఊరికే కాదే పెద్దమ్మా, బీమా!"

"నేను కట్టానా?"

"నీ తరఫున ప్రభుత్వం కడుతుంది."

"ఎవరి సొమ్ముతో?"

"అందరి సొమ్ముతో."

"అందరికీ నేనెప్పుడు తీర్చేది? అప్పు పెట్టుకుని పోలేనే తల్లీ. నన్నిలా వదిలెయ్."

నర్సు నెత్తీ నోరూ కొట్టుకుంది. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆవిడ వాడికన్నా బలవంతురాలు. మాత్రలకని మాత్రం వచ్చి, వరండాలో బల్లమీద కూర్చుని ఎగరొప్పుతోంది. లోపల నర్సు కళ్ళు తుడుచుకుంటూ ఉండగా బాబాయి వచ్చాడు.

"ఇవాళ బీపీ నీకు చూడాలేమోనే. ఏమైంది?"

చెప్పింది. బాబాయి గిరుక్కున వెనక్కి తిరిగి వరండాలోకి నడిచాడు. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్టయింది నర్సుకి. పెద్దమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే ఇప్పుడీయన వాటా పురాణం విప్పుతాడు! ఆపుదామని వెనకాలే వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయింది. బాబాయి అప్పటికే పెద్దమ్మ పక్కన కూలబడి, వరండా అంతా వినబడేలా నిట్టూర్చాడు.

"ఏం అన్నయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంది పెద్దమ్మ.

"బాగుందమ్మా. అదే నా ఖర్మ. జీతమంతా కోయించుకుని బీమా కట్టాను. కట్టింది కట్టినట్టే పడి ఉంది. ఇంట్లో ఎవరికైనా వాడదామంటే ఒక్కడికీ తుమ్ము కూడా రాదు. ఎవరైనా పెద్దమనుషులు దొరికితే కాస్త వాడిపెట్టమని అడుగుదామని తిరుగుతున్నాను."

"వాడిపెట్టడమేమిటి?"

"మీకు తెలిసినవాళ్ళెవరికైనా పెద్ద జబ్బుందా? చిన్నదైతే లాభం లేదు, వాటా మిగిలిపోతుంది."

పెద్దమ్మ నీళ్ళు నమిలింది. "ఉందంటే... నాకే గుండెలో వాల్వు..."

"వాల్వే!" బాబాయి మొహం చింకి చేటంత అయింది. "తల్లీ, నువ్వు కాదనకూడదు. ఈ ఒక్క సాయం చేసి పెట్టు."

"అంతలా బతిమాలాలా అన్నయ్యా? కాకపోతే ఊరికే తీసుకోను."

"రెండు చొక్కాలు కుట్టిపెట్టు."

"గుండెకి రెండు చొక్కాలా? ఎనిమిది కుడతాను."

"ఎనిమిది నేనేం చేసుకోను? మూడు."

"ఆరుకి తగ్గితే ఆపరేషను లేదు!"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. బేరం ఆరుకి తెగింది. తలుపు వెనక నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది కూడా.

ఆపరేషను చక్కగా జరిగింది. వారం తిరిగేసరికి పెద్దమ్మ వార్డులో దిండుకి ఆనుకుని కబుర్లు చెబుతోంది. పక్క మంచం మీద కూరగాయలమ్మే ఆవిడ ఉంది.

"నాకిష్టం లేకపోయినా ఒక పెద్దాయన కోసం చేయించుకున్నానమ్మా" అంది కూరగాయలావిడ. "బీమా వాటా వృథా అయిపోతోందని ఒకటే ఏడుపు. వారానికో కొత్తిమీర కట్ట చాలన్నాడు."

పెద్దమ్మ దిండు వదిలి లేచి కూర్చుంది. "సబ్బుల ఫ్యాక్టరీ ఆయనా?"

"అవును, మీకెలా తెలుసు?"

"పిల్లా! పిలువు మీ బాబాయిని!"

నర్సు వెంట బాబాయి వచ్చాడు. రెండు మంచాలూ ఒకేసారి తనవైపు తిరిగేసరికి ఆయనకి విషయం అర్థమైపోయింది.

"ఒకటే వాటా ఇద్దరికి అంటగడతావా అన్నయ్యా?"

"ఇద్దరికేనా బాబాయ్?" అని నర్సు నిలదీసింది.

బాబాయి తల గోక్కున్నాడు. "ఇద్దరంటే... మధ్యలో ఒక కిడ్నీ, రెండు మోకాళ్ళు, ఒక కష్టమైన కాన్పు కూడా ఉన్నాయి."

ఇన్నాళ్ళ వరండా గుసగుసలేమిటో నర్సుకి అప్పుడు తెలిసింది.

"అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది!" అని పెద్దమ్మ మండిపడింది. "నీ వాటా మొదటి మోకాలికే అయిపోయుంటుంది. మరి నా గుండెకి పెట్టింది ఎవరి సొమ్ము?"

"అదెవరం చెప్పగలమమ్మా! నాలాగే కట్టి, జబ్బు రానివాళ్ళందరిదీ. అందులో నీదీ ఉంది."

"నేనెప్పుడు కట్టాను?"

"ఇన్నేళ్ళూ దారం కొన్నావు, మిషను సూదులు కొన్నావు. వాటిమీద పన్ను కట్టావా లేదా? అది చేరేది ఇక్కడికే. నిన్నటిదాకా నీకు జబ్బు లేదు కాబట్టి నీ వాటా ఎవరో వాడుకునే ఉంటారు. వాళ్ళు అప్పు తీర్చలేదని నీకేమైనా కోపమా?"

"చాల్లే! మనిషి బాగుపడితే నాకంతకన్నా ఏం కావాలి? కోపమెందుకు?"

"నీ సంగతి తెలిస్తే వాళ్ళూ ఆ మాటే అంటారు."

ఎప్పుడూ ఎవరికీ బాకీపడకుండా బతికిన పెద్దమ్మకి, తను కూడా ఇన్నాళ్ళూ ఎవరెవరికో ఇస్తూనే ఉందని వినగానే కళ్ళు చెమర్చాయి, మొహం మాత్రం విప్పారింది.

నర్సు బాబాయి చెయ్యి పట్టుకుంది. "మరి రోజూ ఆ ఏడుపంతా ఎందుకు బాబాయ్?"

"ధర్మం అంటే సిగ్గుపడి పారిపోయేవాళ్ళుంటారమ్మా. పిసినారి పోరయితే పడలేక ఒప్పుకుంటారు. ఒంటికి జబ్బు రాకుండా ఇంతకాలం గడిచింది, నాకింకేం వాటా కావాలి చెప్పు?"

ఈయన్ని వదిలించుకోవాలని చూసినందుకు నర్సు తనని తాను తిట్టుకుంది. తనకి తల్లిలాంటి పెద్దమ్మని మిగిల్చిన మనిషి ఈయన. ఆ మాటే పైకి చెప్పబోయింది. ఈలోగా పెద్దమ్మే పిలిచింది.

"పిల్లా, ఆ కిటికీ పక్క మంచం అమ్మాయి పొద్దుట్నుంచి ఆపరేషను వద్దని ఏడుస్తోంది, ఎందుకు?"

"ఊరికే చేయించుకోవడం నామోషీట."

"అలాగా! కాస్త నన్ను లేవదియ్యి. నా వాటా పడి ఉందిగా, వాడిపెట్టమని అడిగొస్తాను."

"కుట్లు పచ్చిగా ఉన్నాయే పెద్దమ్మా!"

"చూశాన్లే, గట్టిగానే వేశారు. నడు!"

బాబాయి అప్పటికే కిటికీ పక్కన కుర్చీ వేసి, దాన్ని చేత్తో దులుపుతున్నాడు.