ప్లేటు మాదిరి పడుకో

శుక్రవారం నా భార్య చనిపోయింది. పొద్దున రాగిసంకటి చేసింది. అంగన్‌వాడీకి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, గుండెల్లో బరువుగా ఉందని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నీళ్లు తెచ్చేలోపు ఒరిగిపోయింది. పావగడ ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి చెయ్యి వదిలేశారు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

చుట్టూ సోలార్ ప్లేట్లు పరిచిన మా తిరుమణిలో ఇరవై ఏళ్లు అంగన్‌వాడీ పిల్లల్ని చూసుకున్న మనిషి. ఇప్పుడు తలచుకుంటే ఒక్క పాపే గుర్తొస్తోంది.

పోయినేడాది ఆ ఐదేళ్ల పాప తింటూ తింటూ కుడిచేతిలో ముద్ద జారవిడిచింది. మూతి పక్కకు పోయింది.

"గాలి సోకిందిలే మిస్సూ. తాయెత్తు కడితే పోతాది," అంది పాప అవ్వ.

నేనూ తక్కువ తినలేదు. "పసిబిడ్డకు పక్షవాతం యాడొస్తాదే?" అన్నాను.

"ఆ గాలి సంగతి రేపు చూస్తాం. ముందు బండి తియ్యప్పా, డిగ్రీ సారూ!" అంది నా భార్య నాతో.

తుమకూరులో తీసిన స్కానింగులో ఏమీ కనబడలేదు. అవ్వ కొంగులోంచి తాయెత్తు తీసింది. తొలి గంటల్లో ఇందులో తెలియకపోవచ్చని, ఎమ్మారై చూడాలని డాక్టరే బెంగళూరు పంపారు. అక్కడ మత్తిచ్చి తీశారు. మెదడులో ఎడమవైపు తెల్లటి మచ్చ. పక్షవాతం పిల్లలకూ వస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను.

మళ్లీ మళ్లీ తీయాలన్నారు. కదలకుండా పడుకుంటే మత్తు అక్కర్లేదన్నారు. నా భార్య మా బల్ల కింద చాప పరిచి, పాపను పడుకోబెట్టి, అన్నం తినే స్టీలు తట్టను గరిటెతో వాయించేది. మిషనులో ఇరుకు, మోత అలాగే ఉంటాయి.

"సోలార్ ప్లేటు మాదిరి పడుకో. కదిలినావంటే ఊరికి కరెంటు రాదు."

"లైటు వచ్చిందా మిస్?"

"యాడొచ్చింది? నీ ముక్కు కదిలె!"

చలికాలంలో తీసినప్పుడు పాప కదల్లేదు. ఇప్పుడు కుడిచేత్తోనే పలక మీద రాస్తుంది. అక్షరాలు వంకర. "వంకరైతే ఏమి, కుడిచేతివే కదా," అనేది నా భార్య.

రేపు మళ్లీ స్కానింగు. క్యాలెండరులో తనే తేదీ చుట్టూ సున్నా చుట్టింది. నిన్న పాపతో వాళ్లమ్మ వచ్చింది.

"మిస్సు లేకుంటే ఇది పడుకోదు సారూ. మళ్లా మత్తు ఇయ్యాల్సిందే."

పాప నన్ను చూసింది. "తట్ట కొట్టేది నీకొచ్చునా?"

రాదన్నాను.

కర్మ కాకముందు ఊరు దాటకూడదని మా అన్న అంటున్నాడు. వంటింట్లో ఆ తట్ట, శుక్రవారం తను కడిగి బోర్లించినట్టే ఉంది.

రేపు పొద్దున పాప బెంగళూరు బస్సు ఎక్కేముందు బల్ల కింద చాప పరుస్తాను. తట్ట వాయిస్తాను. కదిలితే ఊరికి కరెంటు రాదని చెప్తాను.