ప్రార్థన చేయించిన గిటారు

రామాయంపేట బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నా గిటారు ఇచ్చేశాను. తీసుకున్నది హైదరాబాదులో పిల్లలకు సంగీతం నేర్పే ఒక మాస్టారు. బదులుగా ఆయన రెండు తెచ్చాడు. ఒకటి, తీగ పెట్టి నేరుగా స్పీకరుకు కలిపే మామూలు గిటారు. రెండోది, వాడిన కీబోర్డు. నా గిటారును ఒళ్లో పెట్టుకుని ఆయన ఒక్కసారి మీటాడు. పక్క బల్ల దగ్గరి లారీ డ్రైవరు తల తిప్పి చూశాడు.

"ఇంత మంచిది ఎందుకిస్తుండ్రు సార్?" అని మాస్టారు అడిగాడు.

"పెండ్లిళ్లల్ల వినవడుతలేదు" అన్నాను.

అది నిజమే. కానీ దాని మీద మా చర్చిలో ప్రార్థన జరిగిందని ఆయనకు చెప్పలేదు. ఈ మార్పిడి గురించి ఇంట్లో నా భార్యకూ చెప్పలేదు.

చాలా ఏళ్లు పత్రికకు జిల్లా వార్తలు రాసి, మానేసిన ఏడాది ఆ గిటారు కొనుక్కున్నాను. పైపలక దేవదారు, పక్కలు రోజ్‌వుడ్. ఇంట్లో వాయిస్తే గది నిండేది. మేం పాడేది ముగ్గురం. నా భార్య బడిలో టీచరు, పాట ఆమెది. ఢోలక్ వాయించే మిత్రుడికి మెదక్‌లో బండ్ల మరమ్మతు దుకాణం ఉంది. ఆదివారం మా వాడలోని చిన్న చర్చిలో పాడతాం. మిగతా రోజుల్లో పెళ్లికో పుట్టినరోజుకో పిలిస్తే రేగోడ్ దాకా పోతాం.

షామియానా కింద ఆ గిటారు పనికి రాలేదు. దాని ముందు మైకు పెడితే, ఆ మైకులోకి ఢోలకే ఎక్కువ పోయేది. సౌండు పెంచితే స్పీకరు కీచుమనేది. ఎండలో కాసేపుంచితే శ్రుతి తప్పేది.

"అన్నా, మీ గిటారు పెండ్లికొచ్చిన పట్నం చుట్టం లెక్కున్నది. ఎండ వడది, దుమ్ము వడది, మాట బయటికి రాది" అనేవాడు మిత్రుడు.

ఇక ప్రార్థన సంగతి. మావాళ్లు కొత్త వస్తువు ఏది కొన్నా అయ్యగారితో, అంటే చర్చి పాస్టరుతో, ప్రార్థన చేయిస్తారు. బండి కొంటే చర్చి గేటు దగ్గరే నిలబెట్టి, నడిపేవాడికి ఆపద రాకూడదని ప్రార్థిస్తారు. నేను కోరుకున్నది అలాంటిదే. కానీ అయ్యగారు గిటారును లోపలికి తీసుకుపోయి బలిపీఠం ముందు పెట్టారు. దీన్ని నీ సేవకు ఇస్తున్నామని ప్రార్థించారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. ఎవరు ఎవరికి ఏమిచ్చారో రాయడమే పనిగా బతికినవాణ్ని, ఆ రోజు అది గమనించలేదు.

నేను రామాయంపేట నుంచి వచ్చాక నా భార్య గిటారు పెట్టె తెరిచి చూసింది.

"గిది మనది కాదు గదా. మనదేడున్నది?"

"మార్చుకున్న."

"దేవుని ముంగట పెట్టినదాన్ని మార్చుకునుడేంది? ఎవర్నన్న అడిగినవా?"

"కొన్నది నేనే గద."

"ఇచ్చింది గుడ నువ్వే."

అంతే అని, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి కూర్చుంది.

ఆ వారం ఒక పెళ్లిలో పాడాం. ఆమె ఎప్పటిలాగే పాడింది. కొత్త గిటారు చివరి వరుస దాకా వినిపించింది. "ఇన్నేండ్లకు నువ్వు గుడ వాయిస్తున్నవని జనానికి ఎరుకైంది అన్నా" అన్నాడు మిత్రుడు. ఆమె కూడా నవ్వింది.

ఆదివారం మాత్రం మైకు దగ్గరకు రాలేదు. మూడో వరుసలో ఆడవాళ్ల మధ్య కూర్చుని అక్కడి నుంచే పాడింది. బయటికొచ్చాక అడిగాను.

"పెండ్లిది వేరే. ఈడ గా గిటారు పక్కన నిలవడి పాడ. ముందుగాల అడుగుపో" అంది. గొంతులో కోపం లేదు.

ప్రార్థన చేసిన అయ్యగారు అప్పటికే బదిలీ మీద వేరే ఊరికి పోయారు. ఫోన్ చేస్తే, ఇప్పుడున్న అయ్యగారిని అడగమన్నారు. ఈయన, తాను లేనప్పటి సంగతి కాబట్టి చర్చి కమిటీ చెప్పాలన్నారు. కమిటీలో ఒక పెద్దమనిషి గిటారు చర్చిదే అన్నాడు. ఇంకొకాయన, వాయించేవాడిని ఇచ్చినట్టే గానీ వాద్యాన్ని కాదన్నాడు. మాట తెగక మరో మీటింగుకు వాయిదా వేశారు.

ఆ తరువాత కమిటీ రెండుసార్లు కూర్చుంది. ఒకసారి గోడకు సున్నం గురించి, ఒకసారి బోరు మోటారు గురించి మాట్లాడారు. గిటారు సంగతి రాలేదు. నా భార్య ఇంకా మూడో వరుసలోనే కూర్చుంటోంది.