పలక తొక్కని మనిషి

రైనికె తాను అచ్చువేసేది నమ్ముతాడా? ఇన్నేళ్లు ఎదురింట్లో ఉండి కూడా నేను చెప్పలేను. యుద్ధకాలంలో యూదుల్ని ఎవరూ చంపలేదని, అంతా ఎక్కడికో వలసపోయి బతికారని చెప్పే పుస్తకాలు ఆయన పెరటి షెడ్డులో అచ్చై, చట్టం ఒప్పుకోదు కనుక తోటపని పత్రికల అట్టల్లో దాక్కుని పోస్టుకు వెళ్తాయని మా వీధిలో అందరికీ తెలుసు. మనిషికి కుదురుండదు. తాళంచెవులు వేళ్ల మధ్య తిప్పుతూ, నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తాడు. అయినా ఎదురైన కుక్కకైనా వెళ్లొస్తానని చెప్పకుండా కదలడు. ఆయన గుమ్మం ముందు కాలిబాటలో చిన్న ఇత్తడి పలక ఉంది. ఈ ఇంట్లో ఉండిన సెల్మా కాట్జ్‌ను ఆష్విట్జ్ మరణశిబిరంలో హత్య చేశారని దాని మీద చెక్కి ఉంటుంది.

1938లో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగిన రాత్రికి గుర్తుగా, ఏటా నవంబరులో వీధివాళ్లం ఇళ్ల ముందున్న అలాంటి పలకలను తోముతాం. ఒక ఏడు మా పక్కింటి ముసలావిడ ట్రౌడె మోకాళ్ల మీద కూర్చుని తోముతుంటే, రైనికె పుస్తకాల పెట్టెతో బయటికి వచ్చాడు. ఎప్పటిలాగే పలకను తప్పించి పక్కకు పెద్ద అడుగు వేశాడు.

"తొక్కండి, ఏం కాదు," అంది ట్రౌడె. "మీ లెక్కన సెల్మా ఎక్కడో మనవల్ని ఆడిస్తుండాలి కదా."

"పొద్దున్నే వెటకారమేంటండీ. తడిగా ఉంది, జారుతుందని."

"ఎండాకాలంలోనూ తొక్కరుగా. బడిలో నా బెంచీ పిల్లండీ అది. దాని రొట్టెలో సగం నేనే తినేదాన్ని. చంపేశారని మీ నోటితో ఒక్కసారి అనండి, చాలు."

తాళంచెవుల చప్పుడు ఆగింది. రైనికె పలక వంక చూశాడు. పెట్టె సర్దుకుని, వెనక్కి చూడకుండా, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు.