లైసెన్సు లేని సర్వర్ ఆపిన మెయిల్

దయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. సర్వర్ మొరాయించిందంటే దానికి కరెంటో, కేబులో, మనిషో కారణం. నాకు తెలిసిన వేదాంతం అంతే.

తిరువూరులో ఒక ల్యాబు కంప్యూటర్లు చూస్తుంటాను. రిపోర్టులు డాక్టర్లకు వెళ్లేది వాళ్ల సొంత మెయిల్ సర్వర్ నుంచే. దానిమీద ట్రయల్‌గా వేసిన యాంటీవైరస్ గడువు తీరిపోయింది. "సర్వరూ ఒక కంప్యూటరేగా! మిగతావాటికి కొన్నదే దీనికీ వేసెయ్యండి" అన్నారు యజమాని రఫీ గారు.

"కుదరదండి. మెయిల్ సర్వర్ లెక్క వేరు. ఎన్ని మెయిల్‌బాక్సులుంటే అన్ని లైసెన్సులు కొనాలి."

ఆయన బేరానికి దిగారు. లైసెన్సుల దగ్గర నాది ఉడుంపట్టు. కొనేదాకా ఉండకూడదని ఆ ప్రోగ్రామును నా చేత్తోనే పూర్తిగా తీసేశాను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం రఫీ గారు ఫోన్లో విరుచుకుపడ్డారు. "తీసేశానన్నారు, మరి ఆ యాంటీవైరస్ మెయిల్ ఎట్లా ఆపిందండీ? అక్కడ ఆపరేషన్‌కి టైమవుతోంది!"

గంపలగూడెం మీరాబీ గారికి రొమ్ములో గడ్డ. అది క్యాన్సరైతే రొమ్ము తీసేయాలి. విజయవాడ ఆసుపత్రిలో ఆవిడను పడుకోబెట్టి మా రిపోర్టు కోసం చూస్తున్నారు.

పరిగెత్తుకెళ్లాను. 'ఫైలు ప్రమాదకరం, పంపలేదు' అని తెరమీద ఉంది. కింద నేను తీసేసిన యాంటీవైరస్ పేరే. సర్వరంతా గాలించాను, దాని ఆనవాలు కూడా లేదు. ఆ రోజు మిగతా రిపోర్టులన్నీ సాఫీగా వెళ్లాయి, ఇదొక్కటే ఆగింది.

మళ్లీ పంపుదామని ల్యాబు ఉద్యోగి సునీత ఆ ఫైలు తెరిచి, చటుక్కున లేచి నిలబడింది. "సార్, ఇది ఎ.కొండూరు మీరాబీ గారిదండి!"

పేరొకటే, మనుషులు ఇద్దరు. క్యాన్సర్ ఉన్నది ఎ.కొండూరు ఆవిడకు. గంపలగూడెం ఆవిడది మామూలు గడ్డ.

రఫీ గారు "యా అల్లా" అంటూ కుర్చీలో కూలబడ్డారు. సరైన రిపోర్టు పెడితే క్షణంలో వెళ్లిపోయింది.

ఆగిన ఫైలును తర్వాత ఎన్ని రకాలుగా పరీక్షించినా వైరస్ కనబడలేదు. ఉన్నా, ఏ గడ్డ ఎవరిదో యాంటీవైరస్‌కు ఎలా తెలుస్తుంది? అసలు అది అక్కడ ఉంటే కదా!

రఫీ గారు లైసెన్సులన్నీ మారుమాట లేకుండా కొన్నారు.

కొన్ని రోజులకు గంపలగూడెం మీరాబీ గారు ల్యాబుకొచ్చి మమ్మల్ని చీవాట్లు పెట్టారు. "ఏంటయ్యా అంత ఆలస్యం? అక్కడ నా ప్రాణం పోయి వచ్చింది!"

ఆ ఆలస్యం ఎవరు చేశారో నాకిప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టేవాణ్ణి.