చింతపండుతో తోమిన ఇంజను

ఆ ఇంజను ధర ఎంతని అడిగినవాళ్లకి నేను ఇప్పటికీ చెప్పను. అడిగింది మేనత్త అయినా అంతే, మా బడి హెడ్మాస్టరు అయినా అంతే. నా జీతం, నా ఇష్టం. చీర కొన్నా గొలుసు కొన్నా బాగుందనేవాళ్లే. మూరెడు కూడా లేని ఇత్తడి రైలింజన్ని సముద్రాల అవతలి దుకాణం నుంచి తెప్పించుకుంటే మాత్రం నాకు తల తిరిగిందన్నారు. తిరగనీ.

మా నాన్న టెక్కలి మీదుగా పోయే చిన్న రైలులో ఫైర్‌మన్. ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవాడన్నమాట. నడుస్తున్న ఆ బండి దిగి, పక్కన పని కానిచ్చుకుని, మళ్లీ పరిగెత్తి ఎక్కేయొచ్చని ఊళ్లో వేళాకోళం చేసేవారు. నాన్న ముందు ఆ మాట అంటే వారం రోజులు మాట్లాడేవాడు కాదు. ఆయన ఇంజను వీపు మీద బోర్లించిన బిందెలాంటి ఇత్తడి గుమ్మటం ఒకటి ఉండేది. డ్యూటీకి వెళ్లేటప్పుడు వంటింట్లోంచి చింతపండు పట్టుకుపోయి రోజూ దాన్ని తోమేవాడు. పులుసులోకి చింతపండు లేదని అమ్మ గొణిగేది.

ఆయన రిటైరయ్యాక వచ్చినవాళ్లు రోజూ తోమడానికి బద్ధకించి గుమ్మటానికి నల్లరంగు పూసేశారు. కొన్నాళ్లకి ఇంజన్నే తుక్కు కింద కోసేశారు. రెండింట్లో నాన్నకి రంగు పూయడమే ఎక్కువ కష్టం అనిపించింది.

"సచ్చిపోతే సచ్చిపోనాది, దానికేటి. బతికుండగానే దాని ముకానికి మసి పూసీసేరు" అనేవాడు.

తర్వాత ఆయన కళ్లు మసకేశాయి. నీటికాసులు అన్నాడు శ్రీకాకుళంలో డాక్టరు. పోయిన చూపు తిరిగిరాదు, చుక్కల మందుతో ఉన్నదాన్ని కొంతకాలం నిలబెట్టుకోవాలి, అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న నరసన్నపేట దాటాక మెల్లగా అన్నాడు.

"గుంటా, మా ఇంజన్ని ఓపాలి సూడాలనున్నాదే."

"చూపిస్తాను" అన్నాను. కోసేసిన ఇంజన్ని ఎలా చూపిస్తానో ఆలోచించకుండానే అనేశాను. అన్నాక అన్నట్టే.

అప్పుడప్పుడే పలాస స్టేషను దగ్గర నెట్ షాపు పెట్టారు. ఆదివారాలు వెళ్లి, పక్క జీడి ఫ్యాక్టరీ పొగకి దగ్గుతూ, మా చిన్న రైలు కోసం వెతికేదాన్ని. దొరికింది. ఎప్పుడో దొరలు వచ్చి ఫొటోలు తీసుకుపోయారని నాన్న చెప్పేవాడు, ఆ ఫొటోలే అవి. కాగితం మీద తీయించి తెచ్చిస్తే నాన్న ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అంతా మసగ్గా ఉందని పక్కన పెట్టేశాడు. చేతికి తగిలితే పోల్చుకుంటానన్నాడు.

చేతికి తగిలేది కూడా దొరికింది. విదేశంలో ఒక దుకాణం ఆ ఫొటోలు చూసి, మా ఇంజన్నే ఇత్తడితో చేయిస్తోంది. లిమిటెడ్ ఎడిషన్. రెండు వందలే చేస్తారు, ఒక్కోదాని అడుగున దాని వరస నంబరు చెక్కుతారు, ఆ తర్వాత అచ్చులు విరగ్గొట్టేస్తారు. విశాఖ వెళ్లి విదేశీ డ్రాఫ్టు తీసి పంపాను. ఓడలో వేస్తే చవక, మూడు నెలలు పడుతుంది, ఎందులో పంపమంటారని రాశారు. నాన్న కళ్లకి మూడు నెలలు ఉంటాయో లేదో ఎవరికి తెలుసు? విమానంలోనే పంపమన్నాను.

ఆ వారమే మేనత్త కంచిలి నుంచి కొబ్బరికాయలు తెచ్చింది. సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మ, పిచ్చి కుదిరింది రోకలి తలకి సుట్టమన్నాడట ఎనకటికి నీలాటోడే. సూపులేనోడికి బొమ్మేటే? గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిసినా ఒకటే."

నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తా, కొబ్బరికాయలు దింపేసావు కదా, కాఫీ తాగి ఎల్లు" అన్నాను. ఆవిడ కాఫీ తాగింది గాని వెళ్లలేదు. ఆవిడా నాలాంటిదే. అమ్మ లేని ఇంట్లో తమ్ముడికి వండి పెడతానని అక్కడే తిష్ట వేసింది.

విమానంలో వచ్చిన పార్సిలు కస్టమ్స్ తనిఖీ ఆఫీసులో ఆగిపోయింది. పెట్టె మీద 'స్టీమ్ ఇంజను' అని ఉంది కాబట్టి, ఈ యంత్రంతో తమరు ఏం చేయదలిచారో రాతపూర్వకంగా తెలపమని ఉత్తరం వచ్చింది. "దీనితో ఏమీ చేయం. చూస్తాం" అని రాసి సంతకం పెట్టాను. మళ్లీ ఉత్తరం, మళ్లీ జవాబు. ఈలోగా నాన్న అన్నం కంచం తడుముకోవడం మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడింది నేనో అత్తో పోల్చుకోలేకపోయేవాడు. పోస్ట్‌మన్ సైకిలు బెల్లు వినపడితే మాత్రం తల ఎత్తేవాడు. అలా రెండు నెలలు గడిచాయి.

సుంకం కట్టించుకుని చివరికి ఇచ్చారు. పెట్టెలో స్పాంజి, స్పాంజిలో తెల్ల చేతి తొడుగులు, ఒక చిన్న పుస్తకం. వట్టి చేతులతో ముట్టుకోరాదు, తోమరాదు, రంగు ముట్టరాదు, ముట్టుకుంటే సేకరించేవాళ్ల దగ్గర విలువ పోతుంది అని అందులో ఉంది. చదివి వినిపించాను. నాన్న అప్పటికే వట్టి చేతులతో చక్రాలు లెక్కపెడుతున్నాడు. పొయ్యి తలుపు తడిమాడు, బొగ్గు గది తడిమాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూశాడు.

"ఏటీ కనపడ్డం నేదే. నల్లగ ఉన్నాది, అంతే" అన్నాడు.

ఆలస్యం చేశాను, ఇంక లాభం లేదు అనుకున్నాను. అప్పుడు ఆయన వేలు గుమ్మటం మీదికి పోయి ఆగింది. గోటితో గీరాడు. మొహం ఎర్రబడింది.

"ఈళ్లు కూడా రంగు పూసీసేరు."

నిజమే. ఫొటోల్లో నేనది గమనించనే లేదు. దొరలు ఫొటోలు తీసింది నాన్న రిటైరయ్యాకే, నల్లరంగు పూసిన తర్వాతే. ఆ ఫొటోలు చూసి చేసిన రెండు వందల ఇంజన్లకీ నల్ల గుమ్మటమే.

"కిరసనాయిలు గుడ్డ తే. చింతపండు తే" అన్నాడు.

పుస్తకం నా చేతిలోనే ఉంది. నా ఏడాది పొదుపు ఆయన ఒళ్లో ఉంది. ఒక్క నిమిషం ఆలోచించాను, అబద్ధం చెప్పను. తర్వాత ఆ పుస్తకాన్ని పెట్టెలో పడేసి వంటింట్లోకి వెళ్లాను. డబ్బాలో కొత్త చింతపండు తీస్తుంటే మేనత్త నా చెయ్యి పట్టుకుంది.

"కొత్తది పులుసుకి. తోమడానికి పాతది కావాల" అంటూ అటక మీది జాడీలోంచి నల్లటి ఉండ తీసి ఇచ్చింది. కొబ్బరిపీచు కూడా ఆవిడే పీకి తెచ్చింది.

మూడు రోజులు తోమాడు నాన్న. కిరసనాయిలుతో రంగు మెత్తబరిచి, పీచుతో గీకి, చింతపండు పట్టించి, బూడిదతో రుద్ది. నేను సాయం పడతానంటే కసిరాడు. మూడో రోజు పొద్దున కిటికీలో పెట్టి, తల అటూ ఇటూ తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక్కచోట ఆపేశాడు.

"అదిగో. మెరిసినాది." తర్వాత కొంతసేపటికి, "అదే. మా బండే" అన్నాడు.

ఆయన కంటికి ఇంకా అందేది వెలుగొక్కటే. నల్ల గుమ్మటం అలాగే ఉంచి ఉంటే ఆయనకి ఆ ఇంజను ఎప్పటికీ కనిపించేది కాదు. మేనత్త కొంగుతో మొహం తుడుచుకుని, పొగ అంది. పొయ్యి వెలిగించనే లేదు.

ఆ వారం ఫొటో తీసి దుకాణానికి పంపాను, మీ ఇంజనులో తప్పుంది, ఇదీ సరైనది అని. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. విలువైన వస్తువుని పాడు చేసుకున్నారని, ఇక దాన్ని సేకరించేవాళ్లెవరూ కొనరని, ఇకనైనా అద్దాల పెట్టెలో పెట్టమని, కావాలంటే పెట్టె వాళ్లే అమ్ముతామని.

నెట్ షాపులో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టాను. "మా నాన్నకి కనిపించింది. పెట్టె వద్దు."

తర్వాతి వేసవికి ఆయనకి ఆ వెలుగు కూడా పోయింది. ఇప్పుడు ఆయనా లేడు. ఇంజను మా దేవుడి గూట్లో ఉంది, పెట్టె లేకుండా. గురువారం సాయంత్రం దీపం కుందులతో పాటు దాని గుమ్మటాన్నీ చింతపండుతో తోముతాను, పాత చింతపండుతో.