లాగను, చూస్తానంతే

అమ్మమ్మ వేలిని మనవరాలు కొరికింది. అలా ఇలా కాదు, పంటి గాట్లు పడి రక్తం వచ్చేలా కొరికింది. వేళ్ళకు చుట్టుకున్న తెల్లటి దారం కాస్తా ఎర్రబడింది. ఏడేళ్ళ పిల్ల, తన చేతుల్లో పెరిగిన పిల్ల, ఇంత పని చేస్తుందని కలలో కూడా అనుకోని ఆవిడ వేలు పట్టుకుని కొయ్యబారిపోయింది.

ఆవిడేమీ సామాన్యురాలు కాదు. ఆ నాలుగంతస్తుల భవనంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, పళ్ళ మామ్మ అంటే చాలు. వృత్తి మాత్రం కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టడం. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారన బట్ట చుట్టలు, పొద్దస్తమానం మెడలో టేపు. పళ్ళు లాగడం ఆవిడకు సరదా, సరదాని మించి గర్వం. ఏ ఇంట్లో పిల్లకి పాలపన్ను ఊగినా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆవిడ ముందు కూర్చోబెట్టేవారు. ఆవిడ మిషను మీది మందపాటి దారం పుటుక్కున తెంపి, "లాగను తల్లీ, చూస్తానంతే" అంటూ పంటికి ముడి వేసేది. "ఇవాళ బళ్ళో ఏం చెప్పారూ?" అని అడిగేది. పిల్ల జవాబు చెప్పబోయేలోపే పన్ను దారానికి వేలాడేది. ఏడుపు అందుకునేలోపు చేతిలో బిస్కెట్టు పడేది. "మీ చేతిలో ఏదో మహిమ ఉంది మామ్మగారూ" అని తల్లులంటే, "మహిమా లేదు, మట్టీ లేదు. పిల్లల్ని మాటల్లో పెట్టడమే!" అని మురిసిపోయేది.

మొదటి దెబ్బ ఆ ఉదయం పళ్ళ డాక్టరమ్మ గదిలో తగిలింది. దవడ నొప్పి అంటోందని మనవరాలిని కూతురూ తనూ కలిసి తీసుకెళ్ళారు. పైకి ముత్యాల్లాంటి పళ్ళు. ఎక్స్‌రేలో చూస్తే వెనక రెండు పళ్ళు ఆనుకున్న చోట ఇంత గొయ్యి! అమ్మమ్మ ముందుకు వంగి మళ్ళీ చూసింది. రోజూ తనే దగ్గరుండి బ్రష్ చేయిస్తోంది మరి.

"బ్రష్ ఆ సందులోకి పోదండీ" అంది డాక్టరమ్మ. "రోజూ ఫ్లాస్ దారంతో శుభ్రం చెయ్యాలి. చిన్నపిల్లకి అప్పుడే చేత కాదు. కొన్నాళ్ళు పెద్దవాళ్ళే చేస్తూ నేర్పించాలి. ఈ పంటికి సిమెంట్ పెట్టాను. పక్కది ఇప్పుడే పుచ్చడం మొదలైంది. అశ్రద్ధ చేస్తే దాన్ని తీసెయ్యాల్సి వస్తుంది. వేళకి ముందే తీసేస్తే తర్వాత వచ్చే పన్ను వంకరగా వస్తుంది."

కూతురికి మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా డ్యూటీ. "అమ్మా, ఇది నువ్వే చూసుకోవాలి" అంది.

"దారం పని నాకు చెప్తావేంటే?" అని నవ్వేసింది అమ్మమ్మ.

సాయంత్రం బాత్రూములో అద్దం ముందు స్టూలు వేసి పిల్లని కూర్చోబెట్టింది. ఫ్లాస్ వేళ్ళకు చుట్టుకుంది. "నోరు తెరువు బుల్లీ. లాగను, చూస్తానంతే" అంది. ఆ తర్వాత జరిగింది ముందే చెప్పాను.

"ఎంత పని చేశావే!"

బుల్లి అప్పటికే స్టూలు దిగి తలుపు వెనక నక్కింది. రెండు చేతులతో నోరు మూసేసుకుంది. "నువ్వు లాగేస్తావు."

"లాగనే. డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావుగా? శుభ్రం చేస్తానంతే."

"ప్రతిసారీ అలాగే అంటావు. పైనింటి అన్నయ్యకీ అలాగే చెప్పావు. అన్నీ అబద్ధాలే అమ్మమ్మా. నువ్వు లాగనంటే లాగేస్తావని మా అందరికీ తెలుసు."

అందరికీ తెలుసట! తన నేర్పు అనుకుని ఇన్నేళ్ళూ మురిసిపోయినదానికి పిల్లలు పెట్టుకున్న పేరు అబద్ధం. మెట్ల మీద తను ఎదురైతే పిల్లలు పెదాలు బిగబట్టి గోడకి అతుక్కుని దాటిపోవడం గుర్తొచ్చింది. సిగ్గు కాబోలనుకుని బుగ్గలు కూడా గిల్లేది. తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడేం చెయ్యాలి? బతిమాలదామంటే తన దగ్గరున్న తియ్యటి మాటలన్నీ పిల్లకి ముందే తెలిసినవి. గట్టిగా పట్టుకుని చేద్దామా అంటే రేపు పిల్ల దగ్గరికే రాదు, ఆ రెండో పన్ను దక్కదు. వేలు కడుక్కుని, నెత్తుటి దారం చెత్తబుట్టలో పడేసి, కొత్త ముక్క తెంపి నేల మీద చతికిలబడింది.

"పోనీ, ముందు నువ్వే నాకు చెయ్యి" అంది.

తలుపు వెనకనుంచి ఒక కన్ను బయటికొచ్చింది. తర్వాత పిల్ల వచ్చింది.

"నడివేళ్ళకి చుట్టుకో. మెల్లిగా అటూ ఇటూ ఆడిస్తూ దింపు. చిగుళ్ళ మీద ఠక్కున పడకూడదు. పంటిని ఆనుకుని పైకీ కిందకీ తియ్యి."

బుల్లి నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా మొదలుపెట్టింది. కింది ముందు పళ్ళ దగ్గర ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇది ఊగుతోంది."

ఆ సంగతి కూతురికి కూడా తెలియదు. పొద్దున తను డాక్టరమ్మ ఎదుట అంతసేపు కూర్చుని, పెదవి విప్పితే ఎక్కడ చూస్తుందోనని బిగించుకుని వచ్చేసింది. "లేదే, ఊగడం లేదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల కళ్ళలోకి చూసి మింగేసింది.

"ఊగుతోంది. ఎవరికీ చెప్పలేదు. నాకు భయం."

"నీకా!" పిల్ల నోరు వెళ్ళబెట్టింది.

"నాకే."

బుల్లి దారాన్ని సరిగ్గా ఆ పంటి చుట్టూ తిప్పింది. వంగి, అచ్చం అమ్మమ్మ గొంతుతో, అదే ముద్దు, అదే రాగం, "లాగను తల్లీ, చూస్తానంతే" అంది.

అమ్మమ్మకు పిల్ల చెయ్యి విదిలించి లేచిపోదామనిపించింది. నోరు తెరుచుకుని, దారం వేయించుకుని, పైనుంచి నవ్వే మొహం కేసి చూడటం ఎంత భయమో ఆవిడకు ఇన్నేళ్ళకి తెలిసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. దారం పంటికి ఒక పక్కన దిగింది, పైకొచ్చింది. రెండో పక్కన దిగింది. బయటికి వచ్చేసింది. నాలుకతో తడిమి చూసుకుంటే పన్ను ఉన్నచోటే ఉంది.

"చూశావా? లాగనంటే లాగకూడదు" అంది బుల్లి.

అమ్మమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్ల వెళ్ళి స్టూలు మీద కూర్చుంది కానీ నోరు మాత్రం తెరవలేదు. "ముందు నిజం చెప్పు."

"కొంచెం నొప్పి పుడుతుంది. రక్తం కూడా రావచ్చు. నువ్వు చెయ్యెత్తితే ఆపేస్తాను."

నోరు తెరుచుకుంది. ఇంకో కొత్త ముక్క తెంపి వెనక పళ్ళ సందులోకి దింపిందో లేదో, పిల్ల చెయ్యి లేచింది. అమ్మమ్మ ఆపేసింది. చెయ్యి దిగాక మళ్ళీ దింపింది. మళ్ళీ చెయ్యి లేచింది. మళ్ళీ ఆపేసింది.

"అంత నొప్పిగా ఉందా బుల్లీ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరెందుకు ఎత్తుతున్నావు?"

"ఆపుతావో లేదో చూస్తున్నానంతే."