బెంటన్‌విల్‌లో అబీయా యుద్ధం

శనివారం ఉదయం ఏడింటికి టెక్సాస్‌లోని ప్లేనోలో బయలుదేరాం. బస్సుల్ని నమ్ముకుంటే రోజంతా పడుతుందని కారులోనే వెళ్ళాం. డ్రైవ్ చేస్తున్నది నా కాలేజీ మిత్రుడు సుధాకర్. అయిదు గంటల దూరంలోని బెంటన్‌విల్‌లో ఉన్న అతని అన్న దేవదానానికి క్యాన్సర్. డాక్టర్లు మందులు ఆపేశారు. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన తెలుగు చర్చి సంఘం, పిల్లల కోసం ఆరాధన ఇంగ్లీషులో జరగాలా అన్న తగాదాతో రెండు ముక్కలైంది. ఇంగ్లీషు కావాలన్నది సుధాకర్, తెలుగే ఉండాలన్నది అన్న. అప్పటినుంచి వాళ్ళకి మాటల్లేవు.

"నువ్వు నాస్తికుడివి. మధ్యలో కూర్చుంటే మేం కొట్టుకోం," అన్నాడు సుధాకర్.

ఓక్లహోమాలో ఒక బంకు దగ్గర నేను కాఫీ తాగాను. అతను ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నానికి చేరాం.

వదిన గ్రేస్ పులావు వండింది. ఆ ఇంట్లో భోజనానికి ముందు బైబిల్లో రోజుకో అధ్యాయం, తలా ఒక వచనం చదువుతారు. ఏ అధ్యాయమూ దాటవేయరు. ఆ రోజు వచ్చింది యూదా రాజు అబీయాకూ, ఇశ్రాయేలు రాజు యరొబాముకూ జరిగిన యుద్ధం. ఒకే జాతి, రెండు రాజ్యాలు. దేవుడు మావైపున్నాడు, మీరు గెలవరని అబీయా హెచ్చరించే వచనం సుధాకర్ వంతుకు వచ్చింది. అన్న ముఖంలోకి చూస్తూ గొంతు పెంచి చదివాడు.

ఇశ్రాయేలులో అయిదు లక్షలమంది కూలారన్న వచనం దేవదానానికి పడింది. ఆ సంఖ్య అబద్ధమని ఎన్ని సభల్లో వాదించానో! శవాల లెక్క పెంచి దేవుడికి కీర్తి కట్టబెట్టిన రాతగాళ్ళ మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. అక్కడ మాత్రం పుస్తకంలో నా వంతు వచనం వెతుక్కున్నాను.

దేవదానం పుస్తకం మూశాడు. "సరేరా, గెలిచిన యూదా నువ్వే. నేను ఓడిపోయా. ఇంగ్లీషులోనే ప్రేయర్ చెయ్యి, కలిసి తిందాం."

"ముందు తప్పు నీదని చెప్పు అన్నయ్యా. సంఘం ముందు, వీడియో కాల్‌లో."

"ఓపిక లేదురా."

సుధాకర్ కారు తాళాలు తీసుకున్నాడు. వదిన కళ్ళు తుడుచుకుంటూ పులావు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "దారిలో తినిపించండి. పొద్దున్నుంచీ ఏం తిని ఉండడు."

గంట తర్వాత రోడ్డు పక్కన ఆపాడు. ప్రార్థించకుండా సుధాకర్ ముద్ద ముట్టడు. కళ్ళు మూసుకుని, వండిన చేతుల్ని దీవించమన్నాడు. "మా అన్నయ్యని..." అని ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

"నువ్వు తినరా. నీకు ప్రేయర్ అక్కర్లేదుగా."

నేను డబ్బాకి మూత పెట్టేశాను. "కారు వెనక్కి తిప్పు," అన్నాను.

"రేపు ఆదివారం. చర్చిలో సర్వీస్ ఉంది," అన్నాడు.

ఆ దారి అందమైనదే. వెళ్ళేవారు పగలు వెళ్ళండి, చెట్లూ నీళ్ళూ కనిపిస్తాయి. నాకు గుర్తున్నది మాత్రం ఒళ్ళో ఆ డబ్బా వేడి, టెక్సాస్ చేరేలోగా అది చల్లారిపోవడం.